ప్రార్థన రావడం లేదన్న ఒక సోదరి: బెంగళూరు బొమ్మనహళ్లి నుంచి 12 వారాల కేసు

ఆమె మా దగ్గరికి వచ్చింది సాయం అడగడానికి కాదు. 21 రోజుల ఉపవాస ప్రార్థన మొదలుపెడతాను, తలమీద చేతులుంచి ప్రార్థన చేసి పంపండి అని అడగడానికి. ఎందుకమ్మా అంటే చెప్పిన మాటలివి: "మోకాళ్ళూనితే నిద్దరొస్తాది అయ్యగారూ. కండ్లు మూస్తే ఒక్క మాట రాదు. బైబిల్ తెరిస్తే అచ్చరాలు కదుల్తాండాయి. దేవుని మీద నమ్మకం పోయిందేమో నాకు. ఉపాసముంటే మళ్ళా వస్తాదేమో అని."

సంఘాల్లో కాపరి (పాస్టర్) సేవ చేసేవాళ్ళకు, స్త్రీల సమాజాలు నడిపేవాళ్ళకు పనికొస్తుందని ఈ కేసు పూర్తిగా రాస్తున్నాం. ఒకే రకంగా నలిగిన ఇద్దరు ముగ్గురి వివరాలు కలిపి, గుర్తు పట్టడానికి వీల్లేకుండా మార్చాం. చూసుకున్నది ముగ్గురం: కాపరి, కాపరి భార్య, సంఘంలోని ఒక రిటైర్డ్ నర్సు.

ఆమెకు 42 ఏళ్ళు. సొంతూరు కదిరి దగ్గర పల్లె, 16 ఏళ్ళుగా కాపురం బెంగళూరులో. హోసూరు రోడ్డు పక్క గార్మెంట్స్ ఫ్యాక్టరీలో టైలర్. భర్త ఆటో నడిపేవాడు. కిడ్నీలు పాడై రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. కూతురు పదో తరగతి, కొడుకు ఏడు. తెలుగు సంఘంలో ఆమె స్త్రీల సమాజం నాయకురాలు, సండే స్కూల్ టీచర్. వచ్చింది అక్టోబరు మొదటి వారంలో.

ఆమె బైబిల్లో ఒక వాగ్దాన కార్డు ఉంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో సంచిలో చెయ్యి పెట్టి తీసుకున్నది: యెషయా 40:31. "యెహోవాకొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు." కార్డు మీద రెక్కలు చాపిన పక్షిరాజు బొమ్మ. జనవరి నుంచి ఆ కార్డు ఆమెను ఆదరించలేదు, నిలదీసింది. వాగ్దానం దేవుడిచ్చాడు, బలం రాలేదు, కాబట్టి లోపం నా దగ్గరే ఉంది అనేది ఆమె లెక్క. అలసిన విశ్వాసుల్లో చాలామంది ఈ లెక్క దగ్గరే ఆగిపోతారు. దాన్ని ముందు పట్టుకోకపోతే మనం చెప్పే ప్రతి ఆదరణ వాక్యం ఇంకో నేరారోపణగా వినిపిస్తుంది.

మొదటి సమావేశం: అడిగినవి, లెక్కేసినవి

వాక్యం తెరవకముందు మూడు ప్రశ్నలు అడిగాం. నిన్న ఎన్ని గంటలు పడుకున్నారు? నిన్న పొద్దున్నుంచి ఏం తిన్నారు? మీకు చేతకాని రోజున ఎవరికి ఫోన్ చేస్తారు? "బాగున్నారా" అంటే "దేవుని కృప" అనే జవాబు వస్తుంది. గంటలు అడిగితే గంటలే చెప్పాలి.

తర్వాత ఒక తెల్ల కాగితం మీద ఆమె వారాన్ని రాశాం. వారానికి 168 గంటలు. ఫ్యాక్టరీ తొమ్మిది నుంచి ఐదున్నర దాకా, ఆరు రోజులు: 51. బస్సు ప్రయాణం 9. మంగళ, గురు, శనివారాల్లో ఫ్యాక్టరీ నుంచి నేరుగా ఆసుపత్రికి. సాయంత్రం 6 నుంచి 10 దాకా డయాలసిస్, ఇల్లు చేరేసరికి 11: వారానికి 16 గంటలన్నర. వంట, నీళ్ళు పట్టడం, బట్టలు: 28. ఇక సంఘం పని. తెల్లవారుజామున 4:30కి కాన్ఫరెన్స్ కాల్ ప్రార్థన, ఆరు రోజులు, గంట చొప్పున. బుధవారం గృహకూడిక, శుక్రవారం ఉపవాస కూడిక, రెండేసి గంటలు. ఆదివారం సండే స్కూల్‌తో కలిపి ఐదున్నర. నెలకొకసారి ఆల్ నైట్ ప్రేయర్ ఆరు గంటలు, అంటే వారానికి గంటన్నర. మొత్తం 17. స్నానం, రేషన్, పిల్లల స్కూలు, ఫోన్లు అన్నీ కలిపి 12 వేసుకుంటే నిద్రకు మిగిలింది 34 గంటలన్నర. రాత్రికి ఐదు గంటలు కూడా లేదు. పైగా శుక్రవారం పగలంతా మిషన్ మీద కూర్చుని ఉపవాసం, టీ తప్ప ఏమీ లేకుండా.

ఆ కాగితం చూసి ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంత ఉందా" అంది. ఈ లెక్క వేయడానికి 20 నిమిషాలు పట్టింది. తలకాయలో ఉన్న భారాన్ని కాగితం మీదికి దించకుండా సలహా మొదలుపెట్టొద్దని గట్టిగా చెబుతాం.

అలసటగా కనబడేది ఒక్కోసారి మనోవ్యాకులత, అంటే డిప్రెషన్. దాన్ని కాపరి ఊహతో తేల్చకూడదు. రెండు ప్రశ్నల చిన్న పరీక్ష ఒకటుంది: గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి లేకపోవడం, మనసు కుంగిపోవడం ఎన్ని రోజులు జరిగిందని. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3. కలిపి 3 దాటినా, 3 వచ్చినా, పూర్తి పరీక్ష చేయాలి. ఆమెకు 4 వచ్చింది. నర్సు ఆ పూర్తి పరీక్ష, 9 ప్రశ్నల పీహెచ్‌క్యూ-9, చదివి వినిపించింది, 27కి 13. పది, ఆపైన వస్తే డాక్టరు చూడాల్సిందే. అందులో తొమ్మిదో ప్రశ్న చావు తలంపుల గురించి. దాని దగ్గర ఆమె గొంతు తగ్గించి, "పొద్దున లేయకుండా పోతే బాగుండు అనిపిస్తాది, కొన్ని దినాలు" అంది.

ఇక్కడ చాలామంది కాపరులు కంగారుపడి వెంటనే ప్రార్థనలోకి వెళ్ళిపోతారు. అది తప్పు. అడగాలి, సూటిగా: ప్రాణం తీసుకోవాలని ఆలోచన ఉందా? ఎలా అని అనుకున్నారా? ఇంట్లో అందుకు పనికొచ్చేవి ఉన్నాయా? అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు; దాచుకున్న మాట బయటికొచ్చి మనిషి తేలికపడుతుంది. ఆమెకు అలాంటి ఉద్దేశం లేదు. ఉండి ఉంటే ఒంటరిగా ఇంటికి పంపకూడదు. ఇంట్లోని మాత్రలు, మందులు తీయించి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో అత్యవసర విభాగం రాత్రి పగలు తెరిచే ఉంటుంది. ఉద్దేశం లేకపోయినా మూడు పనులు చేశాం: ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఆమె ఫోన్లో ఎక్కించి, తెలుగులో మాట్లాడొచ్చని చెప్పాం, ఆమె ఒప్పుకున్నాక వదినకు విషయం చెప్పాం, నాలుగు రోజుల్లో డాక్టరు అపాయింట్‌మెంట్ తీశాం.

అదే మాట మీద వాక్యం తెరిచాం, మొదటి రాజులు 19. ఏలీయా ప్రార్థనకు కర్మెలు కొండ మీద అగ్ని దిగిన తర్వాతి అధ్యాయం. ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. అది ప్రవక్త నోట వచ్చిన ప్రార్థన. దానికి దేవుడు గద్దించలేదు. దూతను పంపి తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళు పెట్టించాడు. ఏలీయా తిని మళ్ళీ పడుకున్నాడు. రెండోసారీ అంతే. "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అని దూతే ఒప్పుకున్నాడు. నిద్ర, తిండి, మళ్ళీ నిద్ర, మళ్ళీ తిండి, ఆ తర్వాత 40 రోజుల నడక, దేవుని కొండ హోరేబు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అనే ప్రశ్న అప్పుడు వచ్చింది. నిమ్మళమైన స్వరం ఆ తర్వాత. పని అప్పగించడం, తోడుగా ఎలీషాను ఇవ్వడం చిట్టచివర. ఈ వరుసే మా పద్ధతి. వరుస తిప్పేసి మొదట పని, చివర నిద్ర పెడితే అలసినవాణ్ణి తోసినట్టే.

ఆ రోజు ఆమెకు ఇచ్చిన మాట ఒకటే: మీ విశ్వాసం పోలేదమ్మా, మీ బలం అయిపోయింది. 21 రోజుల ఉపవాసం వద్దు.

ఒళ్ళు: ఒకటి నుంచి మూడు వారాలు

డాక్టరు హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12 రాయించాడు. హిమోగ్లోబిన్ 8.6. గర్భిణి కాని స్త్రీకి 12 కంటే తక్కువైతే రక్తహీనత. ఏడాదిగా నెలసరి ఎక్కువగా పోతోందన్న మాట ఆమె కాపరితో చెప్పలేదు. కాపరి భార్య అడిగితేనే చెప్పింది. స్త్రీల కేసుల్లో జట్టులో స్త్రీ తప్పక ఉండాలని మేము పట్టుబట్టేది మర్యాద కోసం మాత్రమే కాదు. ఆ ఒక్క జవాబుతో స్త్రీవైద్యురాలి దగ్గరికి పంపడం, కారణం కనుక్కుని మందు మొదలుపెట్టడం జరిగాయి.

ఐరన్ మాత్రలు రాసిచ్చారు. ఇక్కడ జరిగే తప్పు మామూలుది, కానీ మందు చాలావరకు వృథా అవుతుంది: మాత్ర వేసుకుని వెంటనే టీ తాగడం. టీ, కాఫీ ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఆమె రోజుకు నాలుగుసార్లు టీ తాగేది. మాత్రకూ టీకీ మధ్య కనీసం గంట, వీలైతే రెండు గంటలు ఎడం పెట్టించాం, నిమ్మరసంతో వేసుకోమన్నాం. విరేచనం నల్లగా అవుతుందని ముందే చెప్పకపోతే భయపడి మానేస్తారు. మనోవ్యాకులతకు డాక్టరు వెంటనే మందు ఇవ్వలేదు. నిద్ర, రక్తం సరిచేసి నాలుగు వారాలకు మళ్ళీ చూస్తానన్నాడు. అది డాక్టరు నిర్ణయం, మాది కాదు. ఇచ్చి ఉంటే వేసుకోమనే చెప్పేవాళ్ళం. కడుపు జబ్బుకు తిమోతిని కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్న పౌలు విశ్వాసం తక్కువై ఆ మాట రాయలేదు.

సంఘం పనుల్లో తెల్లవారుజాము కాల్, శుక్రవారం ఉపవాసం, ఆల్ నైట్, స్త్రీల సమాజం, సండే స్కూల్ అన్నిటినీ ఆరు వారాలు ఆపించాం. ఆదివారం ఆరాధన, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడం) మాత్రం అలాగే ఉంచాం. "ప్రార్థన మానేయమంటున్నారా" అని ఆమె అడిగింది. మానమనలేదు, 4:30కి లేవొద్దన్నాం. 127వ కీర్తనలో వేకువనే లేచి, రాత్రి పొద్దుపోయాక పండుకొని, కష్టార్జితం తినడం వ్యర్థమే అన్న మాట చదివించాం.

ఇక్కడే మేము పెద్ద పొరపాటు చేశాం. ఆమె బాధ్యతల నుంచి విశ్రాంతి తీసుకుంటున్నారని రెండో ఆదివారం ప్రకటనల్లో చెప్పేశాం. మన సంఘాల్లో ఒకరిని సేవ నుంచి ఆపారంటే అర్థం ఒకటే: ఏదో పాపం బయటపడింది, క్రమశిక్షణలో పెట్టారు. మంగళవారానికి ఆ మాట ఆమె చెవిన పడింది. అప్పటిదాకా నాలుగు రోజులు ఆరేసి గంటలు పడుకున్న మనిషి మళ్ళీ నిద్ర పోగొట్టుకుంది. సరిదిద్దడానికి ఇలా చేశాం: సంఘ పెద్దలు ఇద్దరు, భార్యలతో సహా, ఆమె ఇంటికి వెళ్ళి కూర్చుని టీ తాగి వచ్చారు. తర్వాతి ఆదివారం కాపరి ఎవరి పేరూ చెప్పకుండా, రోగిని చూసుకునే కుటుంబాలకు సంఘం ఇకనుంచి ఆరు వారాల విశ్రాంతి ఇస్తుందని, ఇది సంఘం వాళ్ళకు చేసే సేవ అని వివరించాడు. ఆ పూట ఆమెతోపాటు ఇంకో రెండు కుటుంబాలను ముందుకు పిలిచి చేతులుంచి ప్రార్థన చేశారు. ఈ వివరణ ముందు రావాల్సింది. ఎవరినైనా విశ్రాంతికి పంపేముందు మీ సంఘంలో దానికి గౌరవమైన పేరు ఒకటి ఉండేలా చూసుకోండి.

నోటుపుస్తకంలో నాలుగు వరుసలు

మూడో వారంలో ప్రార్థన గురించి మాట్లాడాం. సమావేశాలు ఆసుపత్రి వరండాలో జరిగేవి. డయాలసిస్ నడిచే నాలుగు గంటల్లో ఆమె ఎలాగూ బెంచీ మీదే కూర్చోవాలి. మేము వెళితే ఆమెకు ఇంకో ప్రయాణం తప్పుతుంది. 40 నిమిషాలు మించనివ్వలేదు.

పాఠం 13వ కీర్తన. ఆరు వచనాలే. మొదటి రెండు ఫిర్యాదు, "ఎన్నాళ్లవరకు", "ఎంతవరకు" అని మళ్ళీ మళ్ళీ. తర్వాత రెండు అడగడం. చివరి రెండు ఆనుకోవడం. దీన్ని నాలుగు వరుసలు చేశాం: పిలుపు, ఫిర్యాదు, అడగడం, ఆనుకోవడం. స్కూలు నోటుపుస్తకంలో రోజుకు నాలుగు వరుసలు, రాత్రి పడుకునే ముందు, ఐదు నిమిషాలకు మించకుండా. అందమైన ప్రార్థన భాష వద్దు, ఇంట్లో మాట్లాడే మాటే రాయాలి.

మొదటి వారం రాసినదాంట్లో అన్నీ నాలుగో వరుసలే. స్తోత్రం ప్రభువా, నీవు మేలైనవాడవు, సమస్తము సమకూడి జరుగును. రెండో వరుస ఖాళీ. స్త్రీల సమాజం నాయకురాలికి ఫిర్యాదు చేయడం ఎవరూ నేర్పలేదు. సణుగుడు పాపమని మాత్రం బాగా నేర్పారు. అరణ్యంలో ఇశ్రాయేలు సణిగింది దేవుని గురించి, ఒకరితో ఒకరు. కీర్తనకారుడు అదే బాధను దేవుని ముఖం మీదే పెడుతున్నాడు. ఈ తేడా చూపించాక ఒక నియమం పెట్టాం: నాలుగో వరుస తనంతట తాను వచ్చేదాకా రాయొద్దు. 88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే మాట దగ్గరే ముగుస్తుంది. దానికి నాలుగో వరుస లేదు, అయినా అది బైబిల్లో ఉంది.

నాలుగో వారంలో ఒక రోజు పేజీ, ఆమె ఒప్పుకుని చూపించింది:

"యేసయ్యా. / ఆయన కాళ్ళు మళ్ళా వాచినాయి. నా కాళ్ళు నిలబళ్ళేదు. నువ్వు చూస్తాండావో లేదో తెలీదు. / రేపు టార్గెట్ తగ్గించేట్ల చెయ్. ఆ సూపర్వైజర్ నోరు కట్టెయ్."

కింద ఒక వరుస ఖాళీ వదిలి ఉంది. రెండు వారాలకు పైగా ఆ ఖాళీ అలాగే ఉండింది. తొందరపెట్టలేదు. ఆరో వారంలో వచ్చిన మొదటి నాలుగో వరుస ఇది: "బస్సులో ఎవురో పాప లేసి సీటిచ్చినాది. అడగలేదు నేను. అది నువ్వేనని రాసుకుంటాండా." నేర్చుకున్న స్తోత్రాలకూ ఈ వరుసకూ ఉన్న తేడా చదివిన ఎవరికైనా తెలుస్తుంది. ఈ కేసు మొత్తంలో మాకు అన్నిటికంటే విలువైన కాగితం ఇదే.

పగటికి ఇంకో చిన్న పని ఇచ్చాం. ఆమె చేతికి పీసులు బండిళ్ళుగా వస్తాయి. బండిల్ విప్పేటప్పుడల్లా ఊపిరి పీలుస్తూ "నా కృప", వదులుతూ "నీకు చాలును". పెదవి కదపనక్కర్లేదు. మాట రాని రోజున అదీ వద్దు, ఊపిరి చాలు; ఉచ్చరింప శక్యంకాని మూలుగులతో ఆత్మే విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26 ఉన్నది ఇలాంటి రోజులకే. మొదటి రోజు ప్రతి బండిల్‌కూ చేయాలని పట్టుదలగా లెక్క పెట్టుకుని, ఎనిమిది మర్చిపోయానని బాధపడింది. లెక్క పెట్టొద్దన్నాం. అలసిన మనిషి ఏది ఇచ్చినా దాన్ని టార్గెట్ చేసుకుంటుంది. సలహా ఇచ్చేవాళ్ళు ఇది కనిపెట్టుకుని ఉండాలి.

రాయి, ఆ తర్వాత చేతులు

అమాలేకుతో యుద్ధంలో మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు వచ్చి పట్టుకున్నారని అందరం చెబుతాం. నిర్గమ 17:12 మళ్ళీ చదివితే, వాళ్ళు ముందు చేసింది రాయి తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టడం. చేతులు పట్టుకోవడం ఆ తర్వాత. మనుషుల సాయం సాయంత్రానికి అలిసిపోతుంది. ముందు కుదురైన ఏర్పాటు ఒకటి చేయాలి.

ఆమెకు ఆ రాయి డయాలసిస్ వేళ. సాయంత్రం షిఫ్టు మారితే వారానికి 16 గంటలు తిరిగొస్తాయి. మేము నాలుగో వారంలోనే యూనిట్‌లో అడిగాం. ఖాళీ లేదన్నారు, పేరు రాసుకున్నారు. ప్రతి సోమవారం నర్సు ఫోన్ చేసి గుర్తు చేసింది. ఏడో వారంలో మధ్యాహ్నం వేళ దొరికింది. భర్త పాత ఆటో స్టాండు స్నేహితుడు దింపుతాడు. సంఘంలో ఒకరు చివరి గంట దగ్గరుండి ఇంటికి తీసుకొస్తారు. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయి కళ్ళు తిరగొచ్చు, కాబట్టి ఒంటరిగా పంపకూడదు.

దానికి ముందు మూడు వారాలు, తర్వాత కూడా, ఐదుగురితో వంతుల పట్టిక నడిపాం. ఐదుగురే, అంతకంటే వద్దు. ఒక్కొక్కరికి ఒక్క పని, రోజు, వేళతో సహా: మంగళవారం రాత్రి భోజనం ఒక ఇంటినుంచి, గురువారం ఆసుపత్రిలో ఒక సోదరుడు, కూతురికి లెక్కలు చెప్పడానికి ఒక ఇంజనీరింగ్ అమ్మాయి, శనివారం సాయంత్రం. "ఏదైనా కావాలంటే చెప్పండక్కా" అన్నవాళ్ళు యాభై మంది ఉంటారు. ఆ మాటకు ఎవరూ ఏమీ అడగరు. గలతీ 6లో రెండో వచనం ఒకరి భారములు ఒకరు భరించమంటుంది, ఐదో వచనం ఎవరి బరువు వారే మోయమంటుంది. మాకు అర్థమైనది ఇంతే: భార్యగా ఆమె చేయాల్సింది ఎవరూ తీసుకోలేరు, తీసుకోకూడదు, భోజనం, ఆటో, లెక్కల పాఠం తీసుకోవచ్చు.

తప్పులు చాలా జరిగాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు ప్రేమగా కొబ్బరి బోండాలు, అరటిపండ్లు తెచ్చారు. డయాలసిస్ రోగికి వాటిలోని పొటాషియం పేరుకుని గుండె లయ దెబ్బతినొచ్చు, ప్రాణానికే ముప్పు. మొదటి భోజనం క్యారియర్లో ఊరగాయ, పప్పుచారు వచ్చాయి. ఉప్పు, నీళ్ళు రెండూ కొలత దాటేవి. అప్పుడు ఆసుపత్రి డైటీషియన్ దగ్గర రాయించుకున్న కాగితం తెలుగులో జెరాక్స్ తీసి ఐదిళ్ళకూ ఇచ్చాం: బోండాలు, అరటి, బత్తాయి, ఊరగాయ, అప్పడాలు వద్దు, కూరగాయలు తరిగి ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి, నీళ్ళు డాక్టరు చెప్పిన కొలతే. వాట్సాప్ గ్రూపు రెండు రోజుల్లో వాగ్దాన వచనాలతో, పాటలతో నిండి, "ఈ రోజు రాలేను" అన్న అసలు మెసేజ్ కొట్టుకుపోయింది. ఆ గురువారం ఆసుపత్రికి ఎవరూ వెళ్ళలేదు. గ్రూపులో వేళలు తప్ప ఏమీ పెట్టొద్దని నియమం చేసి, ప్రతి వంతుకూ రెండో మనిషి పేరు రాశాం.

మానిన ఒక డయాలసిస్

ఐదో వారంలో భర్తను ఎవరో స్వస్థత కూడికకు తీసుకెళ్ళారు. నమ్మితే మిషన్ ఎందుకని అక్కడ ఒకరు అన్నారు. శనివారం ఆయన డయాలసిస్‌కు వెళ్ళలేదు. గురువారం తర్వాత మళ్ళీ మంగళవారం, అంటే ఐదు రోజుల ఎడం. ఆమె మాకు చెప్పలేదు. చెబితే తన అవిశ్వాసం బయటపడుతుందని. సోమవారం తెల్లారేసరికి ఆయనకు పడుకుంటే ఊపిరాడలేదు. కూతురు నర్సుకు ఫోన్ చేసింది, అత్యవసరంగా డయాలసిస్ చేశారు, బతికాడు.

ఆ వారం కాపరి వాళ్ళింటికి వెళ్ళి కూర్చుని యెషయా 38 చదివాడు. జబ్బుపడిన హిజ్కియా రాజుకు దేవుడే స్వయంగా 15 ఏళ్ళ ఆయుష్షు వాగ్దానం చేశాడు. అయినా యెషయా అంజూరపుపండ్ల ముద్ద పుండు మీద కట్టమన్నాడు. వాగ్దానం వచ్చాక కూడా మందు కట్టారు. దేవుడు స్వస్థపరచగలడని మేము మనసారా నమ్ముతాం, నూనె రాసి ప్రార్థన చేస్తాం. స్వస్థత వచ్చిందో లేదో చెప్పాల్సింది మాత్రం రక్తపరీక్ష, డాక్టరు. మందు ఆపమని చెప్పే అధికారం కాపరికి లేదు, అతిథి బోధకుడికి అసలే లేదు. ఇది ఇప్పుడు మా సంఘంలో కొత్త సభ్యులకు చెప్పే మాటల్లో ఉంది.

ఆమెకు చెప్పింది వేరు. ఆయన వెళ్ళకపోవడానికి మీరు కారణం కాదు, ఆపలేకపోవడం మీ పాపం కాదు. ఆ రాత్రి నోటుపుస్తకంలో రెండో వరుస పేజీ అంతా నిండింది.

పన్నెండో వారానికి

హిమోగ్లోబిన్ 10.9. నిద్ర సగటున ఆరుంబావు గంటలు. పీహెచ్‌క్యూ-9 మార్కు 13 నుంచి 6కి దిగింది, తొమ్మిదో ప్రశ్నకు సున్నా. డాక్టరు నాలుగో వారంలో చూసి మందు అవసరం లేదన్నాడు, ఎనిమిదో వారంలోనూ అదే అన్నాడు. సండే స్కూల్‌కు వారం విడిచి వారం వస్తోంది. స్త్రీల సమాజం ఇంకొకరికి అప్పగించింది. ఇది ఆమె సొంత నిర్ణయం, రెండు రోజులు ఏడ్చి తీసుకున్నది. తెల్లవారుజాము కాల్‌లోకి తిరిగి వెళ్ళలేదు.

మారనివి కూడా రాయాలి. భర్త జబ్బు అలాగే ఉంది. అప్పు తీరలేదు. ఐదుగురిలో ఇద్దరు డిసెంబరుకల్లా తప్పుకున్నారు, ఒక వంతుకు ఇంకా మనిషి దొరకలేదు. బీపీఎల్ కుటుంబాలకు ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం 2016 నుంచి ఉచిత సేవ ఇస్తోంది. ఆ కాగితాల కోసం ఆసుపత్రి సామాజిక కార్యకర్తను మొదటి వారంలోనే కలవాల్సింది, మేము తొమ్మిదో వారంలో కలిశాం.

పక్షిరాజు కార్డు మీద ఆమెతో మాట్లాడింది పదో వారంలో, అంతకుముందు కాదు. ఆ వచనంలో ఎగరడం, పరుగెత్తడం, నడవడం మూడూ ఉన్నాయి; ఏది మీకు జరిగిందని అడిగాం. "నడిచినా" అంది. సొమ్మసిల్లారా అంటే కాసేపు ఆలోచించి, "పడబోయినా. పట్టుకున్నారు" అంది. మేము ఏమీ కలపలేదు.

ఇప్పుడు శ్రమకాలం, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ రోజులు, వస్తోంది. 40 రోజులు ఒంటిపూట ఉపవాసముంటానని మళ్ళీ అడిగింది. హిమోగ్లోబిన్ 12 దాటేదాకా తిండి మానొద్దని డాక్టరు చెప్పాడు, మేమూ ఒప్పుకోలేదు. దాని బదులు ఆమే ఒకటి ఎంచుకుంది: 40 రోజులు రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ ఆపి బీరువాలో పెట్టడం, నాలుగు వరుసలు రాసి పడుకోవడం. గుడ్ ఫ్రైడే మూడు గంటల ఆరాధనకు అన్నం తిని రావాలని, వెనక వరసలో కుర్చీ వేయించుకోవాలని, సిలువలో పలికిన ఏడు మాటల్లో ఐదోదైన "దప్పిగొనుచున్నాను" మీద ఐదు నిమిషాలు తనే మాట్లాడాలని అనుకుంటోంది.